రీఅడ్మిషన్లు తగ్గించడం – 4వ పాఠం: డిశ్చార్జికి ముందు

గత పాఠంలో 30 రోజుల రీఅడ్మిషన్ రేటు, అంటే డిశ్చార్జయిన 30 రోజుల్లోపు మళ్లీ ఆసుపత్రిలో చేరిన వాళ్ల శాతం, లెక్కకట్టాం. కీమోలాంటి ముందే అనుకున్న అడ్మిషన్లను తీసేశాం. ఇక వార్డులోకి వెళదాం.

నల్గొండ నుంచి మన హైదరాబాద్ ఆసుపత్రికి ఎమర్జెన్సీలో వచ్చిన హార్ట్ ఫెయిల్యూర్ రోగి అనుకోండి. లేస్ (LACE) స్కోరు వేయండి. రోగి మళ్లీ చేరే రిస్క్ ఎంతో అంచనా వేసే స్కోరు ఇది. 5 రోజులున్నారు: 4. ఎమర్జెన్సీ అడ్మిషన్: 3. హార్ట్ ఫెయిల్యూర్‌కు 2, కాంప్లికేషన్లు లేని షుగరుకు 1. అంతకుముందు 6 నెలల్లో రెండుసార్లు ఎమర్జెన్సీకి వచ్చారు: 2. మొత్తం 12. పది, ఆపైన ఉంటే హై రిస్కే. ఎవరి మీద ఎక్కువ సమయం పెట్టాలో స్కోరు చెబుతుంది, ఏం చేయాలో చెప్పదు.

ఇంట్లో ఉన్న మందుల సంచి మొత్తం తెప్పించండి. పాత చీటీ చూసి సరిపెట్టుకోవద్దు. లాసిక్స్ ఆపి డైటార్ రాశారనుకోండి. డిశ్చార్జి సమ్మరీలో డైటార్ ఒక్కటే ఉంటుంది. ఇంటికెళ్లాక రెండూ వేసుకుంటారు. రెండూ ఒంట్లో నీరు తీసే మాత్రలే కాబట్టి బీపీ పడిపోతుంది, పొటాషియం తగ్గుతుంది, కిడ్నీల మీద భారం పడుతుంది. అందుకే సమ్మరీలో ‘ఆపేసిన మందులు’ అని విడిగా, తెలుగులో రాయండి. మోకాళ్ల నొప్పులకు వాడే డైక్లోఫెనాక్‌నూ అందులో చేర్చండి. అది ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెడుతుంది.

జాగ్రత్తలు చెప్పాల్సింది బిల్లు కౌంటర్ దగ్గరున్న కొడుక్కి కాదు, ఇంట్లో మాత్రలు తీసిచ్చే మనిషికి. ఇన్సూరెన్సు అప్రూవల్ కోసం ఎలాగూ గంటలు గడుస్తాయి, ఆ సమయం వాడుకోండి. ‘అర్థమైందా?’ అంటే అందరూ తలూపుతారు. ‘అమ్మా, ఎంత బరువు పెరిగితే మాకు ఫోన్ చేస్తారు?’ అని అడగండి. మూడు రోజుల్లో 2 కిలోలు అని ఆవిడ నోటితో రావాలి. రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, టిఫిన్‌కు ముందు చూడాలి. అసలు ఇంట్లో బరువు చూసే మెషీన్ ఉందా? అది ముందు కనుక్కోండి. ఉప్పు తగ్గించమంటే కూరలో తగ్గిస్తారు. ఆవకాయ, అప్పడాలు, చల్ల మిరపకాయలు పేరుపెట్టి చెప్పాలి.

3 రోజుల్లోపు ఫోన్, 7 నుంచి 14 రోజుల్లో ఓపీ. ఆ తేదీ వార్డులోనే ఖాయం చేయండి.

30వ రోజున ఇంకో ఫోన్ చేసి, ఎక్కడైనా మళ్లీ చేరారా అని అడగండి. ఆయాసం వచ్చి నల్గొండలోనే చేరితే మన కంప్యూటర్‌లో ‘తిరిగి రాలేదు’ అనే ఉంటుంది. ఇలా అడగడం మొదలుపెట్టగానే రేటు పెరిగినట్టు కనిపించవచ్చు. మేనేజ్‌మెంట్‌కు ముందే చెప్పి ఉంచండి.

అభ్యాసం: ఈ వారం డిశ్చార్జి ఫైళ్లు 10 తీయండి. ఆపిన మందులు ఎన్నింటిలో రాసి ఉన్నాయో లెక్కపెట్టండి. వచ్చే పాఠం ఆ అంకెతోనే మొదలుపెడదాం.