మెస్సు యాప్ కడదాం - 4వ పాఠం: ప్రశ్నార్థకాల పంచాయితీ

ఈసారి మన మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఇండెక్సులు (వెతుకులాటను వేగం చేసేవి) చెబుదామనుకున్నాను. కుదరలేదు. మారతహళ్లి పీజీలో ఉండే కుర్రాడొకడు పోయిన పాఠం చూసి మెస్సుకి పంపే సందేశాలు దాచే టేబుల్ కట్టుకున్నాడు. ఆదివారం నా దగ్గరికొచ్చి ఫోన్ ముందు పెట్టాడు. "అన్నా, రేపు టిఫిన్ వద్దు అని పంపాను. మెస్సు ఆంటీ స్క్రీన్‌లో అన్నీ ప్రశ్నార్థకాలే. ఆవిడ ఇడ్లీలు తీసిపెట్టి నా లెక్కలో రాసేసింది." ఇంకొకరికి తెలుగు బాగానే ఎక్కిందట, చివర దండం ఎమోజీ పెట్టగానే 1366 ఎర్రర్, అంటే ఈ గుర్తు ఇక్కడ పట్టదని. మూడో ఆవిడకి తల మీద గీత ఉన్న ఇంగ్లీషు ఏ, పక్కన డిగ్రీ గుర్తు, అవే వరసగా వస్తున్నాయి.

ఇందులో ఎమోజీ గొడవ నా తప్పే. క్యారెక్టర్ సెట్ (అక్షరాలను ఏ బైట్లుగా దాచాలో చెప్పేది) దగ్గర 'యూటీఎఫ్8' అని రాయించాను, పాత చేతి అలవాటు. మైఎస్‌క్యూఎల్‌లో ఆ పేరు పెడితే అక్షరానికి మూడు బైట్ల దాకే చోటు. తెలుగు, కన్నడ అక్షరాలకు మూడే కావాలి కాబట్టి నెలల తరబడి ఏ తేడా కనిపించదు. దండం ఎమోజీకి నాలుగు కావాలి, అక్కడ దొరికిపోతాం. నాలుగు బైట్లు పట్టే 'యూటీఎఫ్8ఎంబీ4' 2010లో మైఎస్‌క్యూఎల్ 5.5.3 వెర్షన్‌తోనే వచ్చింది, 2018లో వచ్చిన 8.0లో ఏమీ రాయకపోతే అదే పడుతుంది. అంటే మీరు నా మాట వినకుండా ఆ లైను వదిలేసి ఉంటే బాగుండేది.

'ఆల్టర్ టేబుల్ సందేశాలు కన్వర్ట్ టు క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4' అని కొట్టండి (టైప్ చేసేది ఇంగ్లీషులోనే, తెలిసిందే). 'కన్వర్ట్ టు' మరచిపోవద్దు. అది లేకపోతే ఇకపై చేర్చే కాలమ్‌లకే వర్తిస్తుంది, ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. డేటాబేస్‌కి ఆల్టర్ కొట్టినా అంతే, పాత టేబుళ్లను అది ముట్టుకోదు.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే విషయం. ప్రశ్నార్థకాలు కనపడగానే అందరూ టేబుల్ మీద పడతారు. డ్రాప్ చేస్తారు, మళ్లీ కడతారు, మళ్లీ అవే ప్రశ్నార్థకాలు. టేబుల్‌కి, మీ కంటికి మధ్య కనెక్షన్ (యాప్ సర్వర్‌తో మాట్లాడే దారి) అని ఒకటుంది, దానికీ సొంతంగా ఒక క్యారెక్టర్ సెట్ ఉంటుంది. కనెక్షన్ 'నాది లాటిన్1' (పశ్చిమ యూరప్ అక్షరాలే ఉన్న పాత సెట్) అని చెప్పుకుంటే, సర్వర్ పాపం తెలుగును లాటిన్1లోకి మార్చబోయి, అందులో 'ర' లేదు కాబట్టి ప్రశ్నార్థకం చేతిలో పెడుతుంది. లోపల సరుకు భద్రంగానే ఉంటుంది.

అందుకే కంటిని నమ్మకండి, దాచిన బైట్లను ఉన్నదున్నట్టు హెక్స్ అంకెల్లో చూపమని 'సెలెక్ట్ హెక్స్(విషయం) ఫ్రమ్ సందేశాలు' అని అడగండి. మారతహళ్లి కుర్రాడి టేబుల్‌లో ఇలాగే చూశాం. మొదట ఈ0బీ0బీ0 వచ్చింది, అది 'ర'. తర్వాత ఈ0బీ187, అది ఏత్వం. 'రేపు'లోని 'రే' చెక్కుచెదరలేదు! తప్పంతా ఆంటీ చూసే పేజీ కనెక్షన్‌ది. పైథాన్ లైబ్రరీ పైమైఎస్‌క్యూఎల్ కనెక్ట్ లైనులో చార్‌సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అని ఒక్క మాట చేర్చగానే వాక్యం మొత్తం కనపడింది. ఇడ్లీల డబ్బులు మాత్రం వెనక్కి రాలేదు.

హెక్స్‌లో వరసగా 3ఎఫ్, 3ఎఫ్ అని వస్తే మాత్రం ఆశ వదులుకోండి. అవి నిజంగా ప్రశ్నార్థకాలే. స్ట్రిక్ట్ మోడ్ (పట్టని డేటాను ఎర్రర్‌తో ఆపేది) ఆఫ్‌లో ఉన్న సర్వర్ లాటిన్1 కాలమ్‌లో తెలుగును అలా తొక్కేస్తుంది. నా మొదటి ఉద్యోగంలో కస్టమర్ల కన్నడ పేర్లు ఇలాగే పోగొట్టి, శనివారమంతా కాగితం ఫారాలు చూస్తూ మళ్లీ ఎక్కించాను. అప్పటినుంచి స్ట్రిక్ట్ మోడ్ ఆఫ్ చేసేవాళ్లంటే నాకు పడదు.

సీ3ఏ0 అని మొదలైతే అది మూడో ఆవిడ జబ్బు. రాసేటప్పుడే కనెక్షన్ అబద్ధం చెప్పింది, తెలుగు బైట్లను లాటిన్1 అక్షరాలనుకుని సర్వర్ రెండోసారి మార్చింది. అదే కనెక్షన్‌తో చదివితే బాగానే కనపడుతుంది, అదే దీని మాయ. తిరగ్గొట్టి సరిచేయొచ్చు. మనది ప్రాక్టీస్ టేబుల్ కాబట్టి నేనైతే ఖాళీ చేసి మళ్లీ నింపుతాను.

మిగిలిన కాలమ్‌ల సంగతి చకచకా. ఐడీకి బిగ్‌ఇంట్, ఆటో ఇంక్రిమెంట్. సమయానికి నేను టైమ్‌స్టాంప్ వాడను, అది 2038 జనవరి 19తో ఆగిపోతుంది. డేట్‌టైమ్ పెట్టి యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) దాస్తాను, చూపించేటప్పుడు ఐదున్నర గంటలు కలుపుతాను. విషయానికి టెక్స్ట్ చాలు. అది 65,535 బైట్లు, అంటే తెలుగులో 21,845 కోడ్ పాయింట్లు (యూనికోడ్‌లో విడిగా నంబరున్న గుర్తులు). టిఫిన్ వద్దనడానికి అంతకంటే ఎవరికీ అక్కర్లేదు.

వచ్చేవారానికి పని: 'స్త్రీ' అని ఒక సందేశం పంపి లెంగ్త్ (బైట్లు), చార్_లెంగ్త్ (కోడ్ పాయింట్లు) రెండూ అడగండి. 18, 6 రావాలి. మనం ఒక్క అక్షరమనుకునేది ఆరెందుకైందో కాగితం మీద విడగొట్టి రాయండి. ఆ తర్వాత వేరే డేటాబేస్‌లో 3ఎఫ్, సీ3ఏ0 రెండు జబ్బులనూ కావాలని తెప్పించి, రెండోదాన్ని ఖాళీ చేయకుండా బాగుచేయండి. దారి నేను చెప్పను. ముందు డంప్ (డేటా మొత్తానికి కాపీ) తీసుకోండి.