క్లబ్ రేసింగ్ పాఠాలు – 4: కారును కాటా ఎక్కించడం

గత పాఠంలో స్పెక్ మియాటా తరగతిలో, అంటే మాజ్డా మియాటా అనే చిన్న కార్లు మాత్రమే పోటీపడే తరగతిలో, ఏ భాగాలు మార్చుకోవచ్చో, వేటిని ముట్టుకోకూడదో చూశాం. ఈసారి బరువు సంగతి. కొత్తగా వచ్చేవాళ్లు ఇంజన్ గురించి నెలల తరబడి ఆలోచిస్తారు, బరువును మాత్రం రేసు ముందు రాత్రికి వదిలేస్తారు. అది చూస్తే నాకు మనసు ఊరుకోదు. ఖర్చు లేకుండా, కాగితం పెన్సిలుతో సరిచేసుకోగలిగినవి ఈ క్రీడలో చాలా తక్కువ. వాటిలో ఇదొకటి.

కారు ఇంతకన్నా తేలికగా ఉండకూడదని ఒక కనీస బరువు నిబంధన ఉంది. ముందుగా అది ఎందుకుందో చూద్దాం. అమెరికాలో 1944లో పుట్టిన స్పోర్ట్స్ కార్ క్లబ్, ఎస్‌సీసీఏ, నడిపే ఈ తరగతిలో 1990 నుంచి 2005 వరకు వచ్చిన మాజ్డా మియాటాలు కలిసి పోటీపడతాయి. తొలినాటి 1.6 లీటర్ల కారుకు ఫ్యాక్టరీ చెప్పిన శక్తి 116 హార్స్ పవర్. 1999 నాటి 1.8 లీటర్ల కారుకు 140. రెండింటినీ సమానం చేయాలంటే బరువు ఒక్కటే చాలదా అని మీరు అడగవచ్చు. లెక్క వేద్దాం. చిన్న కారు 2,300 పౌండ్లు అనుకుంటే ఒక్కో హార్స్ పవర్ సుమారు 19.8 పౌండ్లు మోస్తుంది. అదే నిష్పత్తి రావాలంటే పెద్ద కారు 2,776 పౌండ్లు ఉండాలి. అంటే 476 పౌండ్లు అదనం. ఆ భారంతో అది నేరుదారిలో సమానమవుతుంది కానీ, ప్రతి మలుపులోనూ, ప్రతి బ్రేకులోనూ వెనకబడుతుంది, టైర్లను తినేస్తుంది. శక్తి పనికొచ్చేది ప్రధానంగా నేరుదారిలోనే. బరువు మాత్రం ట్రాకంతా వెంట ఉంటుంది. అందుకే నిబంధనలు రాసేవాళ్లు కొత్త కారుకు కొంత బరువు పెంచి, మిగతాది ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారిలో రిస్ట్రిక్టర్ పలక (గాలిని తగ్గించే రంధ్రమున్న పలక) పెట్టి అదుపు చేశారు. ఈ అంకెలు కాలానుగుణంగా మారుతుంటాయి కాబట్టి మీ కారు సంవత్సరానికి తాజా నిబంధనల పుస్తకంలో ఎంత ఉందో చూసుకోండి.

ఇప్పుడు అసలు పని. కనీస బరువును డ్రైవర్‌తో కలిపి, రేసు ముగిశాక చూస్తారు. జెండా పడ్డాక కారులో ఏమీ చేర్చడానికి వీల్లేదు. అందుకే లెక్కను చివరి నుంచి మొదటికి వేయాలి.

ఉదాహరణకు మీ కారు కనీస బరువు 2,400 పౌండ్లు అనుకుందాం. పెట్రోలు లేని ఖాళీ కారు 2,105. హెల్మెట్, సూట్, బూట్లు, మెడ రక్షణ పరికరంతో సహా మీరు 205. మొత్తం 2,310. గీత దాటేటప్పుడు ట్యాంకులో 2 గ్యాలన్లు మిగలాలని పెట్టుకోండి, అంతకన్నా తక్కువైతే పొడవైన మలుపులో ఇంజన్‌కు పెట్రోలు అందకపోవచ్చు. గ్యాలన్ సుమారు 6.2 పౌండ్లు కాబట్టి 12.4 కలుస్తాయి. మొత్తం 2,322. తేడాలు రావచ్చు కాబట్టి 8 పౌండ్లు వదిలి 2,408 లక్ష్యంగా పెట్టుకుంటే, 86 పౌండ్ల అదనపు బరువు కావాలి. రేసుకు 5 గ్యాలన్లు ఖర్చవుతాయనుకుంటే బయలుదేరేటప్పుడు ట్యాంకులో 7 ఉండాలి. మీ కారు తాగేది మీరే కొలుచుకోండి, పక్కవాడి అంకె పనికిరాదు.

నా రెండో సీజన్‌లో మూడో స్థానంలో గీత దాటి, కాటా మీద కనీస బరువుకు 4 పౌండ్లు తగ్గాను. కారు తూచిన రోజు ట్యాంకు నిండా ఉంది. ఆ పెట్రోలును లెక్కలోంచి తీసివేయడం మరిచిపోయాను. అంకె తెర మీద నిలిచిపోయి, పక్కనున్న అధికారి మౌనంగా కాగితం మీద రాసుకోవడం ఇప్పటికీ కళ్ల ముందుంది. అప్పటి నుంచి తూచిన ప్రతిసారీ ట్యాంకులో ఎంత ఉందో ఆ అంకె పక్కనే రాస్తున్నాను.

ఆ 86 పౌండ్లను భారం అనుకోకండి. ఎక్కడ పెట్టుకోవాలో కొంతవరకు మీ చేతిలో ఉన్న బరువు అదొక్కటే. ఎడమవైపు స్టీరింగ్ ఉన్న కారులో డ్రైవర్ బరువంతా ఎడమన పడుతుంది. కుడివైపు సీటు ఉండే చోట, నేలకు ఆనించి, ఇనుప పలకలు బిగిస్తే కుడి ఎడమల తూకం మెరుగవుతుంది, బరువూ కిందికి దిగుతుంది. పలక ఒక్కటీ 50 పౌండ్లు మించకూడదు కాబట్టి 43 చొప్పున రెండు చేయించండి. ప్రతి పలకకూ అర అంగుళం బోల్టులు కనీసం రెండు, వదులుకాని నట్లు, నేల కింద వెడల్పు వాషర్లు వేయాలి. ఇసుక సంచులూ సీసపు గుళ్ల సంచులూ వద్దే వద్దు. కారు గోడను ఢీకొన్నప్పుడు అవి మీ మీదికి వస్తాయి.

తూచేటప్పుడు ఒక జాగ్రత్త. నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెడతాం కదా. నేల కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నా నాలుగు అంకెల మొత్తం పెద్దగా మారదు, కానీ ఏ చక్రం ఎంత మోస్తోందన్నది పూర్తిగా తప్పుతుంది. జాకీ దించిన వెంటనే తూచకండి, కారును కొద్ది అడుగులు ముందుకూ వెనక్కూ నెట్టండి, సస్పెన్షన్ సర్దుకుంటుంది. మీ గ్యారేజీ కాటా ఏం చెప్పినా తీర్పు ట్రాక్ కాటాదే. మొదటి ప్రాక్టీసు రోజే వెళ్లి దాని మీద తూచుకుని, రెండింటి తేడా రాసుకోండి.

వచ్చే పాఠానికి ముందు మీ కారును మీరు కూర్చుని తూచి, నాలుగు చక్రాల అంకెలూ విడివిడిగా రాసి ఉంచండి. ఎడమ వెనక చక్రం, కుడి ముందు చక్రం కలిపి మొత్తంలో ఎంత శాతమో లెక్కవేయండి. ఐదో పాఠంలో స్ప్రింగుల ఎత్తు మార్చి ఆ శాతాన్ని 50 దగ్గరికి తెద్దాం.