ఉబుంటులో కెనాన్ 1500డి నుంచి ఫోటోలు దింపుకోవడం ఎలా

కెమెరా కంపెనీ సాఫ్ట్‌వేర్ విండోస్‌కీ మ్యాక్‌కీ మాత్రమే ఉంది కాబట్టి ఉబుంటు లాంటి లైనక్స్ సిస్టమ్‌లో కెమెరా పనిచేయదని చాలామంది ఫిక్స్ అయిపోతారు. నిజానికి డ్రైవర్ కోసం వెతకాల్సిన పనే లేదు, లిబ్‌జీఫోటో2 అనే లైబ్రరీ ఉబుంటు డెస్క్‌టాప్‌లో ముందే ఉంటుంది, అదే కెమెరాతో మాట్లాడుతుంది. ఇబ్బంది వచ్చేది వేరే చోట.

ముందు కేబుల్ చూడండి. 1500డికి పాత మినీ యూఎస్‌బీ పిన్ కావాలి, ఫోన్లకి వచ్చే మైక్రో పిన్ దీనికి పట్టదు. చవక కేబుళ్లలో కొన్నిటికి ఛార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు, అందుకని షాపులో డేటా కేబులే కావాలని అడిగి తీసుకోండి. తర్వాత కెమెరా మెనూలోకి వెళ్లి వైఫై ఆపేయండి, అది ఆన్‌లో ఉంటే యూఎస్‌బీ కనెక్ట్ కాదు, ఇది మాత్రం ఎవరికీ వెంటనే తట్టదు. అలాగే ఆటో పవర్ ఆఫ్ టైమ్ పెంచుకోండి, లేకపోతే కాపీ మొదలెట్టేలోపే కెమెరా నిద్రపోతుంది.

ఇప్పుడు కేబుల్ పెట్టి కెమెరా ఆన్ చేస్తే ఫైల్స్ యాప్‌లో ఎడమ పక్కన కెమెరా పేరు కనపడుతుంది. పదో ఇరవయ్యో ఫోటోలైతే అక్కడినుంచి కాపీ చేసుకుంటే సరిపోతుంది. పెళ్లి ఫోటోల్లాగా వందల్లో ఉంటే మాత్రం టెర్మినలే (కమాండ్లు టైప్ చేసే విండో) బెటర్.

టెర్మినల్‌లో సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ జీఫోటో2 (sudo apt install gphoto2) కొట్టండి, కెమెరా నుంచి ఫోటోలు దింపే ప్రోగ్రామ్ ఇదే. ఆ తర్వాత జీఫోటో2 అని కొట్టి, స్పేస్ ఇచ్చి, రెండు డ్యాష్‌లు పెట్టి ఆటో-డిటెక్ట్ అని రాస్తే కెమెరా మోడల్ పేరు రావాలి. పేరు వచ్చింది కదా అని ఫోటోలు దింపబోతే చాలాసార్లు యూఎస్‌బీ డివైస్‌ని క్లెయిమ్ చేయలేకపోయాం అని ఎర్రర్ వస్తుంది. కంగారుపడి కేబుల్ మార్చకండి, కెమెరా బాగానే ఉంది. ఇందాక ఫైల్స్ యాప్ దాన్ని మౌంట్ చేసి పట్టుకుని కూర్చుంది, ఒకేసారి ఇద్దరికి కెమెరా దొరకదు. ఫైల్స్‌లో కెమెరా పేరు పక్కనున్న ఎజెక్ట్ గుర్తు నొక్కి, మళ్లీ కమాండ్ కొట్టండి, చాలావరకు అంతే.

దింపే ముందు ప్రతి ఫంక్షన్‌కీ కొత్త ఫోల్డర్ చేసుకుని టెర్మినల్‌ని అందులోకి తీసుకెళ్లండి, ఎందుకంటే జీఫోటో2 పక్కన ఒక డ్యాష్, పెద్దక్షరం పి పెట్టి కొడితే కార్డులో ఉన్నవన్నీ ఆ ఫోల్డర్లోకే వచ్చి పడతాయి. కెమెరా నంబర్లు 9999 దాటాక మళ్లీ 0001 నుంచి మొదలవుతాయి కాబట్టి అన్నీ ఒకే ఫోల్డర్లో పోస్తే పాత ఫోటో పేరూ కొత్త ఫోటో పేరూ ఒకటే అవుతాయి, అప్పుడు ఓవర్‌రైట్ చేయమంటావా అని అడిగినప్పుడు చూసుకోకుండా వై కొడితే పాతది పోతుంది. డిలీట్ ఆల్ ఆప్షన్ జోలికి అసలు వెళ్లొద్దు, ఫోటోలు రెండు చోట్ల దాచుకున్నాక కార్డుని కెమెరాలోనే ఫార్మాట్ చేయండి.

కెమెరా బ్యాటరీ అయిపోతే కార్డ్ రీడర్ వాడొచ్చు. 64 జీబీ, ఆపైన కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో ఉంటాయి, లైనక్స్‌కి గుండె లాంటి కెర్నల్‌లో 5.4 వెర్షన్ నుంచి దానికి సపోర్ట్ లోపలే ఉంది కాబట్టి ఇప్పటి ఉబుంటులో విడిగా ఏమీ వేయక్కర్లేదు. రా ఫైల్స్, అంటే పేరు చివర సీఆర్2 అని ఉండేవి, డార్క్‌టేబుల్ అనే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నేరుగా తెరుచుకుంటాయి.