చిన్న రీఫ్ ట్యాంక్‌లో స్కిమ్మర్: పెట్టాలా, సరిచేయాలా, తీసేయాలా?

"40 లీటర్ల ట్యాంకే కదా, దీనికి కూడా ప్రోటీన్ స్కిమ్మర్ కావాలా?" రీఫ్ ట్యాంక్, అంటే కోరల్స్ (పగడాలు) పెంచే ఉప్పునీళ్ల అక్వేరియం, పెట్టినవాళ్లందరూ ఏదో ఒక రోజు అడిగే ప్రశ్న ఇది. స్కిమ్మర్ అంటే గాలి బుడగలతో నీళ్లలో కరిగిన చెత్తను నురుగుగా బయటికి తీసే పరికరం. నా మట్టుకు 80 లీటర్ల లోపు ట్యాంక్‌కి స్కిమ్మర్ తప్పనిసరి కాదు. వారం వారం నీళ్లు మార్చే ఓపిక ఉంటే దాని పని చాలావరకు ఒక బకెట్టే చేసేస్తుంది. అలాగని అందరికీ అనవసరమనీ చెప్పలేను. కొన్ని ట్యాంకులకు అది నిజంగానే కావాలి. కొన్నింట్లో ఉన్నదాన్ని తీసేస్తేనే కోరల్స్ కోలుకుంటాయి. మీది ఏ కోవలోకి వస్తుందో లక్షణాలు చూస్తే తెలిసిపోతుంది.

ముందు అది చేసే పని ఒక్కటి అర్థం చేసుకుంటే సగం తలనొప్పి పోతుంది. చేపల వ్యర్థాలు, మిగిలిన మేత, కోరల్స్ వదిలే జిగురు నీళ్లలో కరుగుతాయి. ఆ అణువుల్లో చాలావాటికి ఒక కొస నీటిని పట్టుకుని ఉంటుంది, రెండో కొస నీటి నుంచి తప్పించుకోవాలని చూస్తుంది. గాలి బుడగ దొరికితే ఆ రెండో కొస దానికి అతుక్కుంటుంది. బుడగలు స్కిమ్మర్ పైభాగంలోని మెడలోకి ఎక్కి, నురుగై, దానిమీదున్న కప్పులో పడతాయి. ఉప్పునీళ్లలో బుడగలు చిన్నగా, ఒకదానితో ఒకటి కలవకుండా నిలుస్తాయి కాబట్టే ఈ పద్ధతి సాగుతుంది. మంచినీళ్ల ట్యాంక్‌లో ఇదే స్కిమ్మర్ పెడితే కప్పు దాదాపు ఖాళీగానే ఉంటుంది.

అంటే స్కిమ్మర్ చెత్తను కుళ్లకముందే పట్టుకుంటుంది. అది కుళ్లి అమ్మోనియా, నైట్రైట్, చివరికి నైట్రేట్ అయిపోయాక దాన్ని తీయడం స్కిమ్మర్ వల్ల కాదు. కుళ్లకముందైనా అన్నిటినీ పట్టదు. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ కెన్ ఫెల్డ్‌మన్ 2009లో కొన్ని స్కిమ్మర్లను కొలిచి చూస్తే, నీళ్లలో ఉన్న సేంద్రియ కార్బన్‌లో అవి తీయగలిగింది 20-30 శాతమే. చాలామంది దీనిమీద పెట్టుకున్న నమ్మకంతో పోలిస్తే ఇది బాగా తక్కువ.

నైట్రేట్ దిగడం లేదు, గాజు మీద రెండు రోజులకే పాచి

స్కిమ్మర్ కొనడానికి ఎక్కువమందిని తోసేది ఇదే. కొనేముందు ఒక వారం చిన్న లెక్క వేయండి. నీళ్లు మార్చిన మర్నాడు నైట్రేట్ కొలవండి. మళ్లీ మార్చబోయే ముందు కొలవండి. రెండింటి తేడా మీ ట్యాంక్ వారంలో తయారుచేసే నైట్రేట్. అది 2 పీపీఎం (పది లక్షల పాళ్లలో 2) అనుకుందాం. మీరు వారానికి 10 శాతం నీళ్లు మారుస్తుంటే, ఆ 2ని 0.1తో భాగించండి: 20 వస్తుంది. ఎన్ని నెలలు గడిచినా నీళ్లు మార్చే ముందు మీ నైట్రేట్ చేరి ఆగే చోటు అదే. 20 శాతం మారిస్తే 2 బై 0.2, అంటే 10 దగ్గర ఆగుతుంది. కొత్తగా కలిపిన ఉప్పునీళ్లలో నైట్రేట్ సున్నా ఉంటేనే ఈ లెక్క కుదురుతుంది, కాబట్టి బకెట్‌లో నీళ్లకు కూడా ఒకసారి టెస్ట్ చేయండి. కారణం అక్కడే బయటపడ్డ సందర్భాలు చాలా ఉన్నాయి.

మష్రూమ్‌లు, జోవాంథిడ్‌లు, లెదర్ లాంటి మెత్తటి కోరల్స్ 10 నుంచి 20 పీపీఎం దాకా పెద్దగా పట్టించుకోవు. ఆక్రోపోరా లాంటి గట్టి కొమ్మల కోరల్స్ పెంచుతుంటే 10 లోపు ఉంచుకోవడం మంచిది. మీ లెక్క ఆ హద్దులోపే ఆగుతుంటే స్కిమ్మర్ కోసం తాపత్రయం అక్కర్లేదు.

వారానికి 40 శాతం మారిస్తే తప్ప కుదరదని లెక్క తేలిందా? అప్పుడు ముందు చూడాల్సింది మేత. ఐసు మేతను కరిగించిన నీళ్లతో సహా ట్యాంక్‌లో పోస్తున్నారా? వడగట్టి వేయండి. ఫిల్టర్ దూది ఎన్నాళ్లకోసారి మారుస్తున్నారు? అందులో చిక్కిన చెత్త అక్కడే కుళ్లుతుంది, రెండు మూడు రోజులకోసారి మార్చాల్సిందే. రాళ్ల వెనక పేరుకున్న మడ్డిని నీళ్లు మార్చేటప్పుడు పైపుతో లాగేయండి. ఇవన్నీ చేశాక కూడా లెక్క దిగకపోతే, అంటే చిన్న ట్యాంక్‌లో చేపలు ఎక్కువగా ఉంటే, స్కిమ్మర్ పెట్టడంలో అర్థం ఉంది. అప్పుడు కూడా పాత నైట్రేట్‌ని దించేది నీళ్లు మార్చడమే. స్కిమ్మర్ కొత్తది పుట్టడాన్ని తగ్గిస్తుంది, అంతే.

నీళ్ల మీద నూనె పొర

పాలు కాచి చల్లారాక మీగడ కట్టినట్టు కనిపిస్తుంది. లైటు వేసినప్పుడు పక్కనుంచి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. కారణం చెత్త ఎక్కువవడం కంటే, పైపొర కదలకపోవడమే. పంపు మూతిని కాస్త పైకి తిప్పి ఉపరితలం అలలాడేలా చేయండి, ఒక్క రోజులో పోతుంది. నీళ్ల లోతు నుంచి లాగే స్కిమ్మర్ ఈ పొరను తాకను కూడా తాకదు. పైపొర లాగే మూతి ఉన్నది అయితేనే ఉపయోగం.

పొద్దున్నే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, పీహెచ్ 7.8 దాటడం లేదు

చేపలు రొప్పుతుంటే చర్చలు తర్వాత. ముందు పంపు పైకి తిప్పండి, ఎయిర్ స్టోన్ వేయండి. రాత్రి లైట్లు ఆగాక ఆక్సిజన్ చేసేది ఏదీ ఉండదు, తాగేవి మాత్రం అన్నీ ఉంటాయి. చిన్న ట్యాంక్‌కి గట్టి మూత కూడా ఉంటే గాలి మార్పిడి ఇంకా తగ్గుతుంది.

పీహెచ్ సంగతి తేల్చడానికి మంచి పరీక్ష ఒకటి ఉంది. రెండు గ్లాసుల్లో ట్యాంక్ నీళ్లు తీసుకోండి. ఒకదానిలో గదిలోనే గంటసేపు ఎయిర్ పంపుతో గాలి ఊదండి. రెండోదానిలో బయట ఆరుబయట ఊదండి. గదిలో ఊదిన గ్లాసులోనే పీహెచ్ పెరిగితే, ట్యాంక్‌కి గాలి చాలడం లేదని అర్థం. ఇక్కడ స్కిమ్మర్ బాగా పనికొస్తుంది, ఎందుకంటే అది రోజంతా నీళ్లలో గాలి కలుపుతూనే ఉంటుంది. బయట ఊదినదానిలో మాత్రమే పెరిగితే తప్పు గదిది. తలుపులు మూసి ఉన్న గదిలో మనం వదిలిన కార్బన్ డయాక్సైడే మళ్లీ ట్యాంక్‌లోకి పోతోంది. అలాంటప్పుడు స్కిమ్మర్ పెట్టినా అదే గాలిని ఊదుతుంది. దాని గాలి గొట్టాన్ని కిటికీ బయటికి లాగితేనే మార్పు కనిపిస్తుంది. కిటికీ తెరిచి ఉంచినా చాలాసార్లు సరిపోతుంది.

నైట్రేట్ తగ్గించడానికి బ్యాక్టీరియాకి తిండిగా వెనిగర్ లాంటి కార్బన్ వేసే ఆలోచన ఉన్నవాళ్లకు ఒక మాట. దానివల్ల బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగి ఆక్సిజన్ తాగేస్తుంది. పెరిగిన బ్యాక్టీరియాను బయటికి తీసేది కూడా స్కిమ్మరే. అది లేని చిన్న ట్యాంక్‌లో ఈ ప్రయోగం జోలికి పోవద్దు.

స్కిమ్మర్ పెట్టి మూడు రోజులైంది, కప్పులో చుక్క లేదు

చాలాసార్లు దీనికి కారణం ఏమీ ఉండదు. కొత్త ప్లాస్టిక్‌కి తయారీలో అంటిన జిడ్డు ఉంటుంది, అది పోయేదాకా నురుగు నిలబడదు. వారం, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. పెట్టేముందు వెనిగర్ కలిపిన నీళ్లలో ఒక పూట నడిపి కడిగితే కాస్త తొందరగా దారికొస్తుంది.

నా మొదటి స్కిమ్మర్‌తో ఈ ఓపిక లేకే దెబ్బతిన్నాను. గంటకోసారి స్కిమ్మర్ లోపలి నీటిమట్టం సరిచేసే స్క్రూ తిప్పడం, కప్పు వంక చూడడం, మళ్లీ తిప్పడం. నాలుగో రోజు రాత్రి "ఇంకొంచెం" అని చెప్పి నీటిమట్టం పైకి పెట్టి పడుకున్నాను. ఆ రాత్రే జిడ్డు వదిలినట్టుంది. పొద్దున లేచేసరికి కప్పు నిండి, మూత సందుల్లోంచి కారి, స్టాండ్ చెక్క ఉబ్బిపోయి, కింద పరిచిన పాత తువ్వాలు ఉప్పునీళ్లతో బరువెక్కి ఉంది. అప్పట్నుంచి ఒకటే నియమం: రోజుకి ఒక్కసారే తిప్పుతాను, అది కూడా పావు చుట్టే. పడుకునే ముందు అసలు ముట్టుకోను.

రెండు వారాలు దాటినా నురుగు లేదంటే అప్పుడు వెతకండి. మొదట గాలి గొట్టం. లోపలి కొస దగ్గర తెల్లగా ఉప్పు గడ్డకడుతుంది. గాలి తగ్గితే శబ్దం కూడా మారుతుంది, బుసకి బదులు గరగర వినిపిస్తుంది. ఆ గొట్టం గుండా ఒక గ్లాసు వేడినీళ్లు పోయండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. తర్వాత మెడ లోపలి గోడ. వేలు పెట్టి రాస్తే జారుడుగా పొర తగులుతుందా? ఆ జిడ్డు మీద నురుగు ఎక్కలేదు. రెండు మూడు రోజులకోసారి తుడవండి. ఎయిర్ పంపుతో నడిచే చిన్న రకాల్లో గాలిని సన్న బుడగలుగా చేసే చెక్క డిఫ్యూజర్ ఉంటుంది. నెలా రెండు నెలలకి దాని రంధ్రాలు పూడిపోయి బుడగలు పెద్దవవుతాయి, అప్పుడు కడగడం దండగ, మార్చేయడమే. పంపుతో నడిచే రకమైతే ఇంపెల్లర్ (పంపు లోపల తిరిగే రెక్కల చక్రం) తీసి వెనిగర్‌లో నానబెట్టండి, దానిమీద కాల్షియం పేరుకుంటుంది.

మేత వేసిన కాసేపటికి, లేదా ట్యాంక్‌లో చెయ్యి పెట్టాక నురుగు చప్పున కూలిపోతే కంగారు పడకండి. మేతలో, చర్మం మీద ఉండే నూనె పని అది. కొన్ని గంటల్లో తిరిగొస్తుంది. ఆ మధ్యలో మాత్రం స్క్రూ తిప్పకండి.

ఇంకో మాట, ఇది స్కిమ్మర్ కొన్నవాళ్లకి నచ్చదు: 30 లీటర్లు, ఒక చేప, నాలుగు కోరల్స్, వారం వారం నీళ్ల మార్పు. ఇలాంటి ట్యాంక్‌లో నురుగు రాకపోవడానికి కారణం తీయడానికి ఏమీ లేకపోవడమే.

ఉన్నట్టుండి పొంగిపోతోంది

నిన్నటిదాకా బాగున్నది ఇవాళ పొంగితే, గత 24 గంటల్లో నీళ్లలో ఏం పడిందో గుర్తు చేసుకోండి. కోరల్ అతికించే ఎపాక్సీ ముద్ద, క్లోరిన్ తీసే మందు, చేపల మందు, సబ్బు పూర్తిగా కడగని చెయ్యి, వీటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది. ఎపాక్సీ అయితే ఒకటి రెండు రోజుల్లో అదే తగ్గుతుంది, అందాకా స్కిమ్మర్ ఆపేయండి. మందు అయితే కొంత నీళ్లు మార్చి, యాక్టివేటెడ్ కార్బన్ (మందును పీల్చుకునే బొగ్గు) వేయండి. అలాంటిదేమీ లేదంటే స్కిమ్మర్ ఉన్న అరలో నీటిమట్టం పెరిగి ఉంటుంది. చిన్న ట్యాంకుల్లో ఇది రోజూ ఉండే గొడవే: నీళ్లు ఆవిరై మట్టం దిగుతుంది, స్కిమ్మర్ మందగిస్తుంది. మనం ఒక్కసారిగా చెంబెడు నీళ్లు పోస్తాం, పొంగుతుంది. ఆవిరైన నీళ్లను దానంతటదే కొద్దికొద్దిగా నింపే ఆటో టాప్ ఆఫ్ పెట్టడమే దీనికి మందు.

ట్యాంకంతా సన్న బుడగలు

కొత్తలో మామూలే. వారం తర్వాతా ఉంటే నీళ్లు బయటికొచ్చే మూతి దగ్గర స్పాంజి ముక్క పెట్టండి. రెండు రోజులకోసారి దాన్ని కడగడం మర్చిపోతే అది మరో నైట్రేట్ ఫ్యాక్టరీ అవుతుంది.

ఉప్పు శాతం కారణం లేకుండా పడిపోతోంది

ఇది ఎవరూ స్కిమ్మర్ మీద అనుమానపడని లక్షణం. కప్పులో పడేది టీ డికాషన్ రంగులో చిక్కగా ఉంటే ఫర్వాలేదు. లేత పసుపులో పల్చగా రోజూ 200 మిల్లీలీటర్లు పడుతోందంటే, అది చాలావరకు మీ ఉప్పునీళ్లే. దాని బదులు టాప్ ఆఫ్ పోస్తున్నది ఉప్పులేని నీళ్లు. 40 లీటర్ల ట్యాంక్‌లో వారానికి 1.4 లీటర్లు పోతే వెయ్యికి 35 పాళ్లు ఉన్న ఉప్పు 33.8కి వస్తుంది. మధ్యలో నీళ్లు మార్చకుండా వదిలేస్తే నెలకి 30 దగ్గరికి. పెద్ద ట్యాంక్‌లో ఇదే 200 మిల్లీలీటర్లు లెక్కలోకి కూడా రాదు. నురుగు ఇంకాస్త పైకెక్కి ఆరాక పడేలా మట్టం దించండి, వారానికి రెండుసార్లు ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూడండి.

కోరల్స్ పాలిపోతున్నాయి, నీళ్లు మాత్రం అద్దంలా ఉన్నాయి

నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా వస్తే సంబరపడకండి. కోరల్స్‌కి కూడా తిండి కావాలి. నైట్రేట్ 2 నుంచి 10, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉంటే వాటికి హాయి. రెండూ సున్నాలో ఉన్న ట్యాంక్‌లో రాళ్ల మీద బుడగలు చిక్కుకున్న గోధుమరంగు జిగురు కూడా రావచ్చు. అవి డైనోఫ్లాజెలేట్లు అనే ఏకకణ జీవులు, ఒకసారి పాతుకుపోతే వదిలించుకోవడం మహా కష్టం. చిన్న ట్యాంక్‌కి దాని స్థాయికి మించిన స్కిమ్మర్ తగిలించినవాళ్లలో ఈ అవస్థ ఎక్కువ చూశాను.

ఇలాంటప్పుడు స్కిమ్మర్‌ని ఒక్క దెబ్బకి పీకేయకండి. టైమర్ పెట్టి రాత్రి పూట మాత్రమే నడపండి, పీహెచ్ పడేదీ అప్పుడే కాబట్టి గాలి కూడా అందుతుంది. మేత కొద్దిగా పెంచండి. వారానికోసారి నైట్రేట్, ఫాస్ఫేట్ రాసి పెట్టుకోండి. మూడు నాలుగు వారాల్లో రంగు తిరిగి రావడం మొదలై, నైట్రేట్ 5 దాటకుండా నిలబడితే, రాత్రి నడకని కూడా ఆపి చూడొచ్చు. దాని బదులు పంపు మూతి పైకి తిప్పి ఉందో లేదో మాత్రం ఆ రోజే చూసుకోండి.