కరెంట్ అఫైర్స్ నోట్స్‌లో ఎడమ పేజీ ఖాళీగా వదలండబ్బా, ఎందుకంటే

2025 జనవరి 29 పొద్దున ఆరూ ఇరవైకి నెల్లూరు వేదాయపాళెంలో మా మిద్దె మీద ఉండా. రాకెట్ పోయే రోజు మా వీధిలో సగం మంది మిద్దెలెక్కేస్తారు, అదో అలవాటు. ఇంకా తెల్లారలా, దక్షిణం పక్క నిప్పు ముద్ద మాదిరి ఒకటి లేచింది, అట్నే పైకి పోతా పోతా తూర్పుకి ఒరిగింది. పక్కింటి మామ పళ్లు తోముకుంటా పిట్టగోడ కాడికి వచ్చి "అబ్బయ్యా, దాంట్లో ఏం పంపిస్తా ఉండారు, మనకేం పనికొస్తది అది" అనడిగాడు. నేనేమో రెండేళ్లుగా సర్కారు ఉద్యోగాల గ్రూప్స్ పరీక్షలకి చదువుతా ఉండేవాణ్ణి, ఫోన్ నిండా కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్‌లే, అయినా నా నోట్లోంచి వచ్చింది "వందో రాకెట్ మామా" అన్న ముక్కొక్కటే. "వందోదే సరే, లోపలేముందని గదా అడిగింది" అన్నాడు. నీళ్లు నమిలా.

కిందికి దిగి సిగ్గుతో నోట్‌బుక్‌లో రాసుకున్నా. జీఎస్ఎల్వీ-ఎఫ్15, ఎన్వీఎస్-02 ఉపగ్రహం, శ్రీహరికోట నుంచి 100వ ప్రయోగం, సక్సెస్. అండర్‌లైన్ కూడా కొట్టా. కొన్ని నెలల తర్వాత ఒక కోచింగ్ సెంటర్ వాళ్ల మాక్ టెస్ట్‌లో నాలుగు వాక్యాలిచ్చి ఏవి కరెక్టో చెప్పమన్నారు, అందులో "ఉపగ్రహం తన నిర్ణీత కక్ష్యకు చేరింది" అనేది ఒకటుంటే కళ్లు మూసుకుని టిక్ పెట్టేసినా. తప్పు. రాకెట్ తన పని తాను సరిగ్గానే చేసింది గానీ, ఉపగ్రహంలో కక్ష్య పెంచే థ్రస్టర్లకి ఆక్సిడైజర్ వదిలే వాల్వులు తెరుచుకోలేదని ఇస్రోనే ఫిబ్రవరి 2న చెప్పింది. నేను జనవరి 29తో పుస్తకం మూసేశా, వార్త మాత్రం నడుస్తానే ఉండాది. ఆ మార్కు పోయిన దగ్గర్నుంచి నోట్స్ రాసే పద్ధతే మార్చేసినా, ఈమధ్య మా పిలకాయలు చాలామంది అడుగుతుంటే ఒకసారి రాసి పెడదామని కూర్చున్నా.

కొనాల్సింది 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి, బైండింగ్ గట్టిది చూసి తీసుకోండి, ఏడాది పాటు తిప్పాలి. కుడి పేజీలోనే రాయాలి, ఒక వార్తకి ఒక పేజీ. ఎడమ పేజీ ముట్టుకోవద్దు, అది ఆ వార్తకి తర్వాత ఏమైందో రాసేదానికి. సగం పుస్తకం తెల్లగా పెట్టుకున్నావేందిరా అని మా అమ్మ తిట్టింది, తిట్టనీయండి. పుస్తకాన్ని నాలుగు భాగాలు చేయండి, రక్షణ, సైన్స్, పరిశ్రమలు, చదువులు. లెక్కేస్తే భాగానికి పాతిక వార్తలు, మొత్తం వంద. ఏడాదికి వందేనా అంటారా, అదే దాని బలం, వందే పడతాయని తెలిస్తే ప్రతి చెత్తా రాయం. స్పోర్ట్సు, అవార్డులు, ఎవరెక్కడ నియమితులయ్యారు ఇలాంటివి వేరే చిన్న పుస్తకంలో ఒక్కో లైను చాలు. గ్రూప్-2 స్క్రీనింగ్‌లో 150కి కరెంట్ అఫైర్స్‌వి 30 మార్కులు, తప్పుకి మూడో వంతు కోత. సగం సగం తెలిసిన వార్త అస్సలు తెలియని వార్త కంటే ప్రమాదం, తెలియకపోతే వదిలేస్తాం, సగం తెలిస్తే చేయి దురద పెడతది.

మరి ఏది రాయాలి, ఏది వదలాలి. నేను పేపర్ చదివేటప్పుడు హెడ్డింగ్ కాదు, వాక్యం చివర ఏముందో చూస్తా. "అన్నారు, విమర్శించారు, ఆశాభావం వ్యక్తం చేశారు, పిలుపునిచ్చారు" అని ఉంటే దాటేయడమే, దాంతోనే పేపర్ సగం అయిపోద్ది. "ఆమోదించింది, సంతకం చేసింది, ప్రయోగించింది, జలప్రవేశం చేసింది, ప్రారంభించారు, అమల్లోకి వచ్చింది" అని ఉంటే ఆగాలి. పైగా ఇవన్నీ ఒకటి కాదు, చాలామంది ఇక్కడే పడిపోతారు, ఒక్కో మాట ఒక్కో మెట్టు.

ఇది రక్షణలో బాగా కనిపిస్తది. తేజస్ మార్క్-1ఏ ఇంకో 97 విమానాలు కొనాలని 2023 నవంబర్‌లో డీఏసీ, అంటే రక్షణ మంత్రి అధ్యక్షతన ఉండే కొనుగోళ్ల మండలి, సరే అంది. అప్పుడే పీడీఎఫ్‌ల నిండా "భారత్ 97 తేజస్‌లు కొనుగోలు" అని వచ్చేసింది. కొనుగోలు యాడ జరిగింది సామీ, అది అవసరం ఉందని ఒప్పుకోవడం మాత్రమే. తర్వాత ధర తేలాలి, ప్రధాని అధ్యక్షతన ఉండే భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ ఒప్పుకోవాలి, ఆ తర్వాత కాంట్రాక్టు. ఈ విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్ఏఎల్‌తో సంతకం అయింది 2025 సెప్టెంబర్ 25న, 62,370 కోట్లకి, అందులో 68 యుద్ధ విమానాలు, 29 రెండు సీట్లవి. అంతకు ముందు 2021లో 83 విమానాల ఆర్డర్ వేరే ఉండాది, ఈ రెండూ కలిపేసి తికమక పెట్టే బిట్టు గ్యారంటీగా వస్తది. నా పుస్తకంలో కుడివైపు 2023 ముక్క, ఎడమవైపు 2025 ముక్క, ఎదురెదురుగా ఉంటే మర్చిపోమన్నా మర్చిపోం.

ఓడలు కూడా అంతే. జలప్రవేశం వేరు, నౌకాదళంలో చేర్చుకోవడం వేరు. ఐఎన్ఎస్ విక్రాంత్ కొచ్చిలో నీళ్లలోకి దిగింది 2013 ఆగస్టులో, నేవీలో చేరింది 2022 సెప్టెంబర్ 2న, మధ్యలో తొమ్మిదేళ్లు. ఎగుమతులకైతే బ్రహ్మోస్ పెట్టుకోండి, ఫిలిప్పీన్స్‌తో ఒప్పందం 2022 జనవరిలో, మొదటి విడత చేరింది 2024 ఏప్రిల్‌లో. క్షిపణుల రేంజ్‌లు మొత్తం టేబుల్ వేసి బట్టీ కొట్టే పని నేను మానేసినా. ఏది ఉపరితలం నుంచి గాల్లోకి, ఏది గాల్లోంచి గాల్లోకి, ఏది ట్యాంకుల మీదకి, అది తెలిస్తే చాలావరకు సరిపోతది, ఆకాశ్, అస్త్ర, నాగ్ ఈ మూడూ గుర్తుంటే మూడు రకాలూ గుర్తున్నట్టే.

ఇప్పుడు నా సైన్స్ భాగంలో ఆ వందో రాకెట్ పేజీ ఎట్టా తిరగరాశానో చెప్తా, మీరు అదే పద్ధతిలో మీ మొదటి పేజీ రాసుకోవచ్చు. పైన ఒక లైను, ఏంది, ఎప్పుడు. దాని కింద మామ అడిగిన ప్రశ్న యథాతథంగా, దాంట్లో ఏముంది, మనకేం పని. జవాబు: ఎన్వీఎస్-02, 2,250 కేజీలు, నావిక్ అనే మన సొంత జీపీఎస్ లాంటి వ్యవస్థకి చెందింది, మన దేశం, సరిహద్దు దాటి 1,500 కిలోమీటర్ల దాకా దారి, టైమ్ చూపించేది. దాని కింద "దీనికంటే ముందు పోయిందేది" అని, ఎన్వీఎస్-01, 2023 మే 29, మన దేశంలో తయారైన అణు గడియారం మొదటిసారి పోయింది దాంట్లోనే. తర్వాత "వంద ఎక్కడ్నుంచి లెక్క" అని. ఇది నాకు నచ్చిన ముక్క. శ్రీహరికోట నుంచి మొట్టమొదట లేచింది 1971 అక్టోబర్ 9న ఆర్‌హెచ్-125 అనే చిన్న సౌండింగ్ రాకెట్, అంటే పై వాతావరణాన్ని పరీక్షించే రకం, అది ఈ వందలో లేదు. వంద మొదలయ్యేది 1979 ఆగస్టు 10న పోయిన ఎస్ఎల్వీ-3తో, అదీ ఫెయిలే. అడుగున జతగా ఒక లైను, అదే 2025 జనవరిలో మూడో లాంచ్ ప్యాడ్‌కి కేబినెట్ ఓకే, సుమారు 3,985 కోట్లు.

ఎడమ పేజీలో ఫిబ్రవరి 2, వాల్వులు తెరుచుకోలేదు, అని ఎర్ర పెన్నుతో. దాని కింద మే 18, పీఎస్ఎల్వీ-సి61 మూడో దశలో తేడా వచ్చి ఈఓఎస్-09 ఉపగ్రహం పోయింది, ఇది రాకెట్ తప్పు, పైది ఉపగ్రహం తప్పు, రెండూ కలపొద్దు. దాని కింద జులై 30, జీఎస్ఎల్వీ-ఎఫ్16 మీద నాసాతో కలిసి చేసిన నిసార్, సక్సెస్. ఇట్టా ఒక పేజీ చూస్తే ఆ ఏడాది షార్, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రం, కథ చాలావరకు కళ్ల ముందు ఉంటది. స్పేడెక్స్‌ని కూడా ఇట్నే రెండు పక్కలా రాయాలి, 2024 డిసెంబర్ 30 ప్రయోగం కుడివైపు, రెండు ఉపగ్రహాలూ అంతరిక్షంలో అతుక్కున్న 2025 జనవరి 16 ఎడమవైపు, ఆ డాకింగ్‌తో మనం నాలుగో దేశం.

ఇంకొకటి, షార్ ఏ జిల్లా అంటే నెల్లూరోళ్లం ఇప్పటికీ నోరు జారతాం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట పక్క తిరుపతి జిల్లాలోకి పోయింది. మన మిద్దె మీంచి కనపడే రాకెట్ మన జిల్లాది కాదంటే కడుపు మండుతది, కానీ ఓఎమ్మార్ షీటుకి మన బాధ తెలీదు గదా. పాత మెటీరియల్ సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు జిల్లా పేరు కనపడిన ప్రతిచోటా ఒకసారి చెక్ చేసుకోండి.

పరిశ్రమల భాగానికి ఇంటి దగ్గర్నుంచి మొదలుపెట్టండి. కృష్ణపట్నం ఇండస్ట్రియల్ నోడ్‌కి, అంటే పారిశ్రామిక కారిడార్ మీద కట్టే ఫ్యాక్టరీల ఊరికి, కేంద్రం ఆమోదం 2020 డిసెంబర్‌లో, ప్రధాని శంకుస్థాపన 2025 జనవరి 8న, అదీ ఇక్కడ కాదు, విశాఖ సభ నుంచి. ఏ సంవత్సరం అని అడిగితే దేని సంవత్సరం అని చూసుకోవాలి. మన రాష్ట్రంలో ఇలాంటివి మూడు, మూడూ మూడు వేర్వేరు కారిడార్లలో ఉండాయి, జతపరచండికి దీనంత మంచి సరుకు ఉండదు. కృష్ణపట్నం చెన్నై-బెంగళూరు కారిడార్, కొప్పర్తి విశాఖ-చెన్నై కారిడార్, ఓర్వకల్లు హైదరాబాద్-బెంగళూరు కారిడార్. కొప్పర్తి, ఓర్వకల్లు ఈ రెండూ 2024 ఆగస్టు 28న దేశం మొత్తం మీద ఒకేసారి ఒప్పుకున్న 12 నోడ్‌లలో ఉండాయి, కృష్ణపట్నం ఆ పన్నెండులో లేదు, ముందే అయిపోయింది కాబట్టి. మా రూమ్మేట్‌ది కావలి, సముద్రం ఒడ్డున పెరిగినోడు, వాడు కూడా మొన్నటిదాకా కృష్ణపట్నం విశాఖ-చెన్నై కారిడారే అని పందెం కాసేవాడు, టీ డబ్బులు నాకే వచ్చినాయి.

సెమీకండక్టర్లకి, అంటే చిప్‌ల తయారీకి, ఒక పేజీ చాలు. 2021 డిసెంబర్‌లో 76,000 కోట్లతో మిషన్, 2025 ఆగస్టు 12న ఇంకో నాలుగు యూనిట్లకి ఓకే, అందులో మన ఆంధ్రాకి ఒకటి, దాంతో మొత్తం పది. ఎడమవైపు ఖాళీ పెట్టండి, ఏ ఫ్యాక్టరీలో చిప్ బయటికొచ్చిందో అక్కడ ఎక్కించుకుంటా పోవాలి.

చదువుల భాగం చాలామందికి బోరు, నాకూ అంతే, అయినా మార్కులు సులువుగా వచ్చేది ఇక్కడే. ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు, ఇది విధానమా, చట్టమా, పథకమా అని. 2020 జులై 29న కేబినెట్ ఒప్పుకున్న జాతీయ విద్యా విధానం చట్టం కాదు, కస్తూరిరంగన్ కమిటీ ముసాయిదా నుంచి వచ్చిన విధానం. విద్యా హక్కు చట్టం 2009, అది చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. పీఎం శ్రీ పథకం, 14,500 బళ్లని మోడల్ బళ్లుగా చేసేది, చేరాలంటే రాష్ట్రం ఒప్పందం మీద సంతకం పెట్టాలి. తమిళనాడు పెట్టలేదు, దాంతో బళ్లకి కేంద్రం ఇచ్చే సమగ్ర శిక్షా డబ్బులు ఆగి, ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. ఎందుకు పోయిందో అర్థం కావాలంటే పాలిటీ పుస్తకం తీయాల, 1976లో 42వ సవరణతో విద్య రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాలోకి వచ్చింది. ఆ ముక్క ఎడమ పేజీ పైన రాసుకుంటే పాలిటీ కూడా ఒకసారి రివిజన్ అయిపోయినట్టే. పరిశోధనకి సంబంధించి అనుసంధాన్ ఫౌండేషన్ ఒకటి చూసుకోండి, 2023 చట్టం, పరిశోధనలకి డబ్బులిచ్చే పాత బోర్డు ఎస్ఈఆర్బీ దాంట్లో కలిసిపోయింది, ఇది పేరుకి ఫౌండేషన్ అయినా చట్టంతో పుట్టింది.

టైమ్ విషయానికొస్తే రోజుకి నలభై నిమిషాలు మించొద్దు. పేపర్ ఇరవై, పీఐబీ, అంటే కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం, వాళ్ల తెలుగు ప్రకటనలు పది, రాయడం పది. రెండు పీడీఎఫ్‌లలో రెండు అంకెలు కనిపిస్తే గ్రూపుల్లో కొట్టుకోకుండా పీఐబీకో ఇస్రో సైట్‌కో పోండి, ఐదు నిమిషాల పని. ఏఐ యాప్‌ని అడిగితే తేదీ ధైర్యంగా చెప్తది, ఆ ధైర్యం చూసి మోసపోవద్దు, దాన్ని కూడా సరిచూసుకోవాల్సిందే. ఆదివారం కొత్త వార్త ఏదీ రాయొద్దు. పాత పేజీలు తిప్పుతా ఎడమవైపు ఏమైనా ఎక్కించాల్సింది ఉందా అని చూడటమే పని, నాకు గంటంపావు పడతది. మూడు నెలలైనా ఎడమ పేజీ తెల్లగానే ఉంటే ఆ వార్త పేరు కొట్టి వెతకండి, ఏమీ లేకపోతే "ఇంకా లేదు" అని పెన్సిల్‌తో రాసి తేదీ వేయండి, మళ్లీ అదే వెతుకులాట చేయకుండా ఉండేదానికి.

పరీక్షకి పది రోజుల ముందు నుంచి కొత్తది ఆపేయండి, అప్పటికి ప్రశ్నపత్రం ప్రింట్ అయిపోయి ఉంటదని నా లెక్క. ఆఖరి మూడు రోజులు ఎడమ పేజీలు మాత్రమే చదవండి, అవి చదివితే కుడివైపుది దానంతటదే గుర్తొస్తది. మొన్న నిసార్ రోజు సాయంత్రం మామ మళ్లీ పిట్టగోడ కాడికి వచ్చి ఇప్పుడు పోయిందాంట్లో ఏముందిరా అన్నాడు, భూమి అంగుళం కదిలినా పట్టేసే రాడార్ మామా, వరదొచ్చినా భూకంపమొచ్చినా పనికొస్తది, మనోళ్లూ అమెరికా వాళ్లూ కలిసి చేశారు అని చెప్పినా. "మరి ఆ వందోది ఏమైంది" అన్నాడు. వాల్వుల కథ మొత్తం చెప్పేసరికి కరెంటు పోయి, ఇద్దరం మిద్దె మీదే కూర్చుండిపోయాం.