నోటికొచ్చిన లెక్క చేతికి రావట్లేదా?

ఇరవై దాకా గడగడా చెప్పే పాపను "నాలుగు చెంచాలు పట్టుకురామ్మా" అంటే, చేతికి అందినన్ని పట్టుకొస్తుంది. టెన్షన్ పడకండి. నోరు ఏం చెబుతోందో కాదు, వేలు ఏం చేస్తోందో చూస్తే చిక్కు ఎక్కడుందో తెలిసిపోతుంది.

సమస్య: వస్తువులు లెక్కపెడితే ప్రతిసారీ వేరే జవాబు.
కారణం: ఒకటి, రెండు, మూడు అనేది ఆ వయసులో ఒక పాట. ఒక వస్తువుకు ఒకే అంకె అన్న పట్టు ఇంకా చిక్కలేదు. నోరు ఐదు అనేసరికి వేలు ఇంకా మూడో దాని మీదే ఉంటుంది.
పరిష్కారం: వేలితో చూపించమనకండి, జరపమనండి. ఉతికిన సాక్సులు మంచం మీద పోసి, లెక్కపెట్టిన ప్రతిదాన్నీ అవతలి పక్కకు వేయించండి. అవతలికి వెళ్లింది మళ్లీ లెక్కలోకి రాదు. మెట్లెక్కడం కూడా మంచిదే, అడుగుకో అంకె.

సమస్య: ఐదూ సరిగ్గా లెక్కపెట్టి, "మొత్తం ఎన్ని?" అంటే మళ్లీ మొదటినుంచి మొదలుపెడతారు.
కారణం: చివర పలికిన అంకే మొత్తం అని తట్టలేదు. 1978లో గెల్మన్, గాలిస్టెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చెప్పిన లెక్కింపు సూత్రాల్లో ఇదొకటి. పెద్దలకు ఇది వింతగా తోస్తుంది గానీ, పిల్లలకు ఇదో పెద్ద గెంతు.
పరిష్కారం: "ఎన్ని?" అని రెట్టించి అడిగితే తప్పు చెప్పామనుకుంటారు. మీరే "ఒకటి, రెండు, మూడు... మూడు గ్లాసులు" అంటూ అన్నింటి చుట్టూ చెయ్యి తిప్పండి. తర్వాత మూడు తెమ్మనండి. సరిగ్గా మూడే తెచ్చిన రోజున, వాళ్లకు మూడు వచ్చినట్టు.

సమస్య: వెడల్పు గ్లాసులో నీళ్లు సన్నటి గ్లాసులో పోస్తే "ఇప్పుడు ఎక్కువయ్యాయి" అంటారు.
కారణం వయసే. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశీలించిన మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే గమనించింది ఇదే. వాదించకండి. తిరిగి పోసి చూసుకోనివ్వండి, అంతే.

సమస్య: వేళ్లు లేనిదే కూడిక రాదు.
వేళ్లు వాడటం సమస్యే కాదు. ఐదుకు మూడు కలపడానికి మొదటి ఐదు వేళ్లనూ మళ్లీ ఒకటి నుంచి లెక్కపెడుతుంటే మాత్రం పట్టించుకోవాలి.
పరిష్కారం: కాగితం మీద వరుసగా 1 నుంచి 10 దాకా గళ్లు గీసి పాచిక ఆట ఆడండి. ఇలాంటి ఆటతో చిన్నపిల్లలకు అంకెల మీద అవగాహన పెరిగిందని రమణి, సీగ్లర్ అనే పరిశోధకులు 2008లో చూపించారు. కిటుకు ఒక్కటే: నాలుగో గడిలో ఉండి రెండు పడితే, "ఒకటి, రెండు" అనకుండా "ఐదు, ఆరు" అంటూ కదలాలి.

సమస్య: లెక్క అనగానే మొహం ముడుచుకుంటారు.
కారణం చాలాసార్లు మనమే. మా వాణ్ణి మెట్టుమెట్టుకీ ఆపి "ఇప్పుడెన్ని?" అని అడిగేదాన్ని. మూడో రోజుకి కింది మెట్టు దగ్గరే నిలబడి ఎత్తుకోమన్నాడు.
పరిష్కారం: అడగడం మానేసి, మనమే తప్పు చేయడం. భోజనానికి ఐదుగురం కూర్చుంటే నాలుగు కంచాలే తీసి, "సరిపోయాయి కదా?" అన్నాను. వాడు ఒక్కొక్కరినీ చూసి, లేచి వెళ్లి ఇంకో కంచం తెచ్చాడు.