తక్కువ డబ్బుతో వీడియో కెమెరా కొనేటప్పుడు
మా బరంపురంలో పెళ్లి వీడియోలు తీసే నాకు రాత్రి ముహూర్తాలకే పని ఎక్కువ. అందుకే సెకండ్ హ్యాండ్ కెమెరా చూసేటప్పుడు షాపులో ఒక్క లైటు ఉంచి మిగతావి ఆపించి, నల్లటి గుడ్డను వీడియో తీసి చూస్తాను. బొమ్మలో చుక్కలు చీమల్లా పాకుతుంటే, 4కె (బొమ్మ మరింత వివరంగా వచ్చే రకం) ఉన్నా వద్దు. చిన్న సెన్సర్ (వెలుతురును పట్టి బొమ్మ చేసే చిప్) ఉన్న కొత్తదానికంటే ఒక అంగుళం సెన్సర్ ఉన్న పాతదే నయం.

ఎక్స్‌ఎల్‌ఆర్ మైక్ సాకెట్లు, అంటే బయటి మైక్ గుచ్చే మూడు పిన్నుల సాకెట్లు, తప్పనిసరి. నా మొదటి కెమెరాకి అవి లేవు. సన్నాయి మోతలో మా అక్క పెళ్లి మంత్రాలు ఒక్కటీ వినపడలేదు, ఇప్పటికీ బాధే. కేబుల్ గుచ్చి, మెల్లగా కదిపి, హెడ్‌ఫోన్‌లో గరగర వస్తుందేమో వినండి.

డబ్బంతా కెమెరాకే పెట్టేయకండి. 100 ఎంబీపీఎస్‌లో (సెకనుకు 100 మెగాబిట్లు) తీస్తే గంటకు 45 జీబీ కావాలి. మెమరీ కార్డులకీ, ఇంకో బ్యాటరీకీ ముందే తీసిపెట్టండి.

ట్యూబ్‌లైట్ల కింద షటర్ వేగం సెకనులో 1/50 వంతు ఉంచండి, లేకపోతే బొమ్మ మిణుకుమంటుంది.